గాజు దారం కొసన ఎర్రకణం: ఫైబర్ కాంతి పట్టకార్లు, సెన్సర్లు ఎలా పనిచేస్తాయి? రోగికి ఏం ఉపయోగం?

నవాగామ్ (సూరత్): ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి ప్రయాణించే నడిమి పోగు వ్యాసం సుమారు 9 మైక్రాన్లు. మన రక్తంలోని ఎర్రకణం వ్యాసం సుమారు 8 మైక్రాన్లు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ రెండు కొలతలూ ఇంత దగ్గరగా ఉండడం యాదృచ్ఛికమే. కానీ ఆ యాదృచ్ఛికం శాస్త్రవేత్తలకు బాగా పనికొచ్చింది. ఫైబర్ కొసనుంచి వచ్చే లేజర్ కాంతితో ఒక్క జీవకణాన్ని గాయపరచకుండా పట్టుకోవచ్చు, సాగదీయవచ్చు, దాని లోపల ఏం జరుగుతోందో కొలవవచ్చు. ఈ పనిముట్లనే ఫైబర్ ఆప్టికల్ ట్వీజర్లు, ఫైబర్ సెన్సర్లు అంటున్నారు.

ఇది భౌతిక శాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. సూరత్ ఆగ్నేయ భాగంలోని నవాగామ్-డిండోలి ప్రాంతం మరమగ్గాలు, చీరల మార్కెట్లు, వజ్రాల కార్ఖానాల మీద బతికే వలస కుటుంబాలది. ఒకప్పటి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి తరాల క్రితమే సూరత్ చేరిన తెలుగు నేత కార్మికుల వారసులు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. నగరం దాటి తూర్పుకు, దక్షిణానికి వెళితే తాపీ, డాంగ్, నర్మదా, వల్సాడ్ జిల్లాల ఆదివాసీ ప్రాంతాలు మొదలవుతాయి. దేశంలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న చోట్లలో ఇవీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఏజెన్సీ ప్రాంతాలకూ ఈ వ్యాధి కొత్త కాదు. మలేరియా అయితే రెండు చోట్లా పాత శత్రువే.

సికిల్ సెల్, మలేరియా రెండింటిలోనూ ఎర్రకణం మెత్తదనం పోయి గట్టిపడుతుంది. ఆ గట్టిదనాన్ని కణం కణానికీ కొలవగలిగితే వైద్యానికి కొత్త ఆధారం దొరుకుతుంది. కాంతి పట్టకారు ఆ పని చేయగలదని రుజువై ఇరవై ఏళ్లు దాటింది. అయినా అది ఇంకా ఆస్పత్రికి ఎందుకు రాలేదు? ఫైబర్ వల్ల ఆ దూరం తగ్గుతుందా?

ఎర్రకణం మెత్తగా ఎందుకు ఉండాలి?

ఎర్రకణం నడుమ రెండు వైపులా లొత్త పడ్డ బిళ్లలా ఉంటుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా తన వ్యాసం కన్నా సన్నని కేశనాళికల్లో మడతపడుతూ దూరుతుంది. ప్లీహంలో ఒక మైక్రాన్‌కు అటూ ఇటూగా ఉండే చీలికల గుండా దాటాలి. మెత్తదనం పోయిన కణాన్ని ప్లీహం పట్టేసి నాశనం చేస్తుంది. లేదా ఆ కణం సన్నని నాళంలో ఇరుక్కుని రక్తప్రసరణను అడ్డుకుంటుంది.

సికిల్ సెల్ వ్యాధిలో జరిగేది ఇదే. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ చేరుతుంది. అంతే తేడా. ఇలా మారిన హిమోగ్లోబిన్‌ను ‘ఎస్’ రకం అంటారు. ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఈ ‘ఎస్’ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కణం లోపల గట్టి పోగులుగా పేరుకుంటాయి. ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి పొడుచుకొచ్చి కొడవలి ఆకారం తెస్తాయి. ఇలాంటి కణాలు చాలావరకు 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తాయి. రక్తహీనత, ఒళ్లంతా విరుచుకుపడే నొప్పులు, అవయవాలు దెబ్బతినడం అన్నీ దీని పర్యవసానాలే.

మలేరియాలో కారణం వేరు. ప్లాస్మోడియం పరాన్నజీవి ఎర్రకణంలో పెరుగుతూ దాని పొరను మార్చేస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో ఈ పరాన్నజీవి ఆనవాళ్లను కనుగొన్నాడు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ చేతిలో ఉన్నది మైక్రోస్కోప్. దానితో కణాన్ని చూడవచ్చు గానీ ఎంత గట్టిగా ఉందో చెప్పలేం. కాంతి పట్టకారు తీర్చే లోటు అదే.

కాంతి ఒక వస్తువును ఎలా పట్టుకుంటుంది?

కాంతికి బరువు లేకపోయినా ద్రవ్యవేగం ఉంటుంది. ఒక వస్తువు మీద పడినప్పుడు దాన్ని కొద్దిగా తోస్తుంది. ఎండలో నిలబడ్డ మనకు ఆ తోపు తెలియదు. కానీ కణాల ప్రపంచంలో లెక్క వేరు. ఒక మిల్లీవాట్ కాంతిని ఏదైనా వస్తువు పూర్తిగా పీల్చుకుంటే దాని మీద పడే తోపు సుమారు 3 పికోన్యూటన్లు. పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు. ఒక ఎర్రకణం బరువు సుమారు 1 పికోన్యూటన్ మాత్రమే. నీటిలో తేలుతున్నప్పుడు అది ఇంకా తగ్గుతుంది. అంటే అతి తక్కువ లేజర్ శక్తి కూడా కణాన్ని కదిలించడానికి చాలు.

తోయడం సరే, పట్టుకోవడం ఎలా? కణం చుట్టూ ఉన్న నీటి కన్నా కాంతిని ఎక్కువగా వంచుతుంది. లేజర్ పుంజం నడుమ కాంతి దట్టంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. కణం పక్కకు జరిగితే నడుమ ఉన్న దట్టమైన కాంతి కణంలోంచి వెళ్తూ బయటి వైపు వంగుతుంది. అందుకు ప్రతిచర్యగా కణం నడిమికి లాగబడుతుంది. గోళీని గిన్నెలో వేస్తే అడుగుకు జారినట్టు, కణం కాంతి దట్టంగా ఉన్న చోటికి చేరి అక్కడే నిలుస్తుంది.

దీన్ని మొదట చూపించింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆర్థర్ ఆష్కిన్. 1970లో లేజర్‌తో చిన్న ప్లాస్టిక్ గుళికలను కదిలించాడు. 1986లో ఒకే పుంజాన్ని బాగా కేంద్రీకరించి గుళికను మూడు దిశల్లోనూ కదలకుండా పట్టుకోగలిగాడు. 1987లో బ్యాక్టీరియాను పట్టాడు. మొదట వాడిన ఆకుపచ్చ లేజర్ బ్యాక్టీరియాను చంపేసింది. దాంతో 1064 నానోమీటర్ల పరారుణ లేజర్‌కు మారాడు. ఆ రంగు కాంతిని జీవకణాలు తక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి అవి పట్టులో ఉండగానే బతికి, విభజన కూడా చెందాయి. 2018లో ఆష్కిన్‌కు భౌతిక శాస్త్ర నోబెల్‌లో సగభాగం దక్కింది. అప్పటికి ఆయన వయసు 96.

సూరత్‌లో వజ్రాలను కోసే కార్ఖానాల్లో లేజర్ యంత్రాలు మామూలే. అదే లేజర్‌ను ఎంత తక్కువ శక్తితో, ఎంత జాగ్రత్తగా వాడితే కోసే పనిముట్టు పట్టుకునే పనిముట్టు అవుతుందన్నది ఆష్కిన్ కనుగొన్న సంగతి. వజ్రాల పనివాళ్లు రాయిని వేలితో ముట్టకుండా సన్నని పట్టకారుతో పట్టి చూస్తారు. ట్వీజర్ అన్న పేరు వెనక ఉన్న ఊహ కూడా అదే. కాకపోతే ఇక్కడ పట్టుకునే మొనలు కాంతివి.

మరి ఫైబర్ ఎందుకు?

ఆష్కిన్ పద్ధతికి పెద్ద మైక్రోస్కోప్, ఖరీదైన కటకం, అదురు తగలని బరువైన బల్ల కావాలి. కటకం కణానికి మిల్లీమీటరులో కొద్ది భాగం దూరంలోనే ఉండాలి. అందువల్ల శరీర కణజాలం లోపలికి పోవడం కష్టం. 2013లో చైనా శాస్త్రవేత్తలు బతికి ఉన్న ఎలుక చెవిలోని కేశనాళికలో పారుతున్న ఎర్రకణాన్ని లేజర్‌తో పట్టి ఆపగలిగారు. అది గొప్ప విజయమే. కానీ చెవి పలచగా ఉండబట్టి అది సాధ్యమైంది. లోతు పెరిగే కొద్దీ కణజాలం కాంతిని చెదరగొడుతుంది.

ఫైబర్ ఈ ఇబ్బందిని మరో దారిలో దాటుతుంది. గాజు పోగు లోపల కాంతి గోడలకు తగిలి తిరిగి లోపలికే మళ్లుతూ, పోగు ఎటు వంగితే అటు వెళ్తుంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ 1954లో లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి ఇలాంటి పోగుల కట్టతో బొమ్మను పంపవచ్చని చూపించారు. స్వచ్ఛమైన గాజుతో దూర సమాచారం పంపవచ్చని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ వచ్చింది. టెలికాం పరిశ్రమ కోసం కోట్ల కిలోమీటర్ల పొడవున తయారైన ఈ దారం ఇప్పుడు చవక. పై గాజు పొరతో కలిపి మందం 125 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా కొంచెం లావు. కటకాన్ని కణం దగ్గరికి తీసుకెళ్లే బదులు కాంతినే దారంలో పెట్టి కణం దగ్గరికి తీసుకెళ్లవచ్చు.

ఫైబర్ పట్టకార్లు ముఖ్యంగా మూడు రకాలు

మొదటిది ఎదురెదురు ఫైబర్ల పద్ధతి. రెండు ఫైబర్ల కొసలను ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, నడుమ నీటిలో కణాన్ని ఉంచుతారు. రెండు వైపుల నుంచి వచ్చే కాంతి తోపు సమానమైన చోట కణం ఆగుతుంది. 1993లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని చేసి చూపించింది. కటకం అవసరమే లేదు. ఫైబర్లు రెండూ ఒకే గీతలో నిలిస్తే చాలు.

రెండోది దాని కొనసాగింపే. ఎదురెదురు ఫైబర్ల శక్తిని పెంచితే కణం నలిగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. కాంతి కణంలోకి దూరేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కణం పొరను బయటి వైపుకే లాగుతుంది. కణం సాగుతుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో యోహెన్ గుక్, జోసెఫ్ కేస్ 2000, 2001 సంవత్సరాల్లో ప్రచురించిన ఈ పరికరానికి ఆప్టికల్ స్ట్రెచర్ అని పేరు. సన్నని గాజు గొట్టంలో కణాలు ఒకటొకటిగా వస్తాయి. వాటిని ఆపి, సాగదీసి, ఎంత సాగాయో కెమెరాతో కొలుస్తారు. 2005లో ఇదే బృందం రొమ్ము కణాల మీద పరీక్షించి, సాధారణ కణాల కన్నా క్యాన్సర్ కణాలు ఎక్కువ సాగుతాయని, తేడా చెప్పడానికి 50 కణాలు చాలని తెలిపింది. క్యాన్సర్ కణం మెత్తబడుతుంది. సికిల్ కణం, మలేరియా కణం గట్టిపడతాయి. పరికరం మాత్రం ఒకటే.

మూడోది ఒకే ఫైబర్ పట్టకారు. ఫైబర్ కొసను వేడిచేసి లాగి గానీ, ఆమ్లంతో కరిగించి గానీ సూదిలా చేస్తారు. ఆ మొన దగ్గరే కాంతి గుమికూడుతుంది. కణం మొనకు అంటుకున్నట్టు నిలుస్తుంది. ఫైబర్‌ను కదిపితే కణం వెంట వస్తుంది. 2007లో ఇటలీ పరిశోధకులు నాలుగు ఫైబర్ల కట్టను, కొసలు ఏటవాలుగా చెక్కి, కాంతి పుంజాలన్నీ ఒక బిందువు దగ్గర కలిసేలా చేశారు. దాంతో కణాన్ని మొనకు కొంచెం దూరంలో, మూడు దిశల్లోనూ స్థిరంగా పట్టగలిగారు.

పట్టుకోవడం ఒక ఎత్తు, తెలుసుకోవడం ఒక ఎత్తు

ఫైబర్‌లో కాంతి రెండు దిశల్లోనూ పోగలదు. మొన నుంచి బయటికి వెళ్లిన కాంతిలో కొంత కణానికి తగిలి అదే దారంలో వెనక్కి వస్తుంది. ఆ తిరుగు కాంతిని చదివితే కణం పట్టులో ఉందా, ఎంతగా అటూ ఇటూ కదులుతోందో తెలుస్తుంది. పట్టుకునే దారమే కొలిచే దారం కూడా అవుతుంది.

రసాయనాలను కొలవాలంటే మొన మీద తగిన పూత వేస్తారు. 1992లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రావూల్ కోపెల్మన్ బృందం ఒక మైక్రాన్ కన్నా సన్నని ఫైబర్ మొన మీద ఆమ్లతను బట్టి వెలుగు మార్చే రంగును అతికించి, కణాలంత చిన్న చోట పీహెచ్ కొలవవచ్చని చూపించింది. 2000లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో తువాన్ వో-డిన్ బృందం మొన మీద యాంటీబాడీలను నిలిపి, ఒక్క కణం లోపల క్యాన్సర్ కారక పదార్థానికి సంబంధించిన ఆనవాలును పట్టింది. ఆ మొన ఎంత సన్ననిదంటే, కణం పొరలో గుచ్చి తీసినా కణం బతికే ఉంది.

ఇదే తీరులో ఆక్సిజన్‌ను కొలిచే ఫైబర్లూ ఉన్నాయి. మొన మీది రంగు నీలికాంతి తగిలితే వెలుగుతుంది. చుట్టూ ఆక్సిజన్ ఎక్కువైతే ఆ వెలుగు తగ్గుతుంది. సికిల్ సెల్ విషయంలో ఈ ఆక్సిజన్ సెన్సర్ ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

ఒకే ఏడాది, ఒకే కణం, రెండు ఫలితాలు

కాంతి పట్టకారుతో ఎర్రకణాలను పరీక్షించడంలో భారతీయ ప్రయోగశాలలకు మంచి చరిత్ర ఉంది. 2004లో ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీకి చెందిన సమరేంద్ర మొహంతీ, అభా ఉప్పల్, పి.కె. గుప్తా ఒక విషయం ప్రకటించారు. ఉప్పు గాఢత ఎక్కువ ఉన్న ద్రవంలో ఎర్రకణాన్ని లేజర్‌తో పడితే అది తనంతట తానే గిరగిరా తిరుగుతుంది. మలేరియా పరాన్నజీవి ఉన్న కణం మాత్రం తిరగదు. దీన్ని వేగవంతమైన మలేరియా పరీక్షగా మార్చవచ్చని వారు సూచించారు.

అదే ఏడాది ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దీపక్ మాథుర్ బృందం మరో ప్రయోగం ప్రచురించింది. వారి దగ్గర లేజర్ పట్టులో కణాలు మడతపడి కడ్డీలా మారాయి. ఆ తర్వాత మలేరియా సోకిన కణాలు తిరిగాయి, ఆరోగ్యకరమైన కణాలు తిరగలేదు.

రెండూ నిపుణుల సమీక్ష దాటి వచ్చిన పత్రాలే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలన్న నియమం లేదు. కణం ఉన్న ద్రవం వేరు, పట్టే తీరు వేరు. గాఢమైన ఉప్పునీటిలో కణం నీరు కోల్పోయి ముడుచుకుంటుంది, దాని ఆకారమే మారిపోతుంది. అలాంటి కణానికి కాంతి తగిలే తీరు కూడా మారుతుంది. పరిశోధకుడికి ఇది ఆసక్తికరమైన విషయం. కానీ రోగ నిర్ధారణ పరీక్షకు ఇదే అసలు చిక్కు. ‘తిరిగింది’ అన్న ఒకే ఫలితానికి ఒక చోట ఆరోగ్యం, మరో చోట జబ్బు అర్థమైతే, ఆ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపలేం.

గట్టిదనాన్ని నేరుగా కొలిచిన ప్రయోగాలూ ఉన్నాయి. 2005లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సుబ్రా సురేశ్ బృందం ఎర్రకణానికి రెండు వైపులా సిలికా గుళికలు అతికించి, ఒకదాన్ని గాజుకు బిగించి, రెండో దాన్ని లేజర్‌తో లాగింది. మలేరియా పరాన్నజీవి ముదిరే కొద్దీ కణం గట్టిపడుతుందని, చివరి దశలో ఆరోగ్యకరమైన కణం కన్నా సుమారు పది రెట్ల వరకు గట్టిగా మారుతుందని అంకెలతో చూపింది.

సికిల్ సెల్: మందు పనిచేస్తోందా అన్న ప్రశ్న

సికిల్ సెల్ రోగులకు ఎక్కువగా ఇచ్చే మందు హైడ్రాక్సీయూరియా. ఇది గర్భస్థ శిశువుల్లో ఉండే రకం హిమోగ్లోబిన్ ఉత్పత్తిని పెంచుతుంది. దానివల్ల ‘ఎస్’ హిమోగ్లోబిన్ పోగులు పేరుకోవడం తగ్గుతుంది. ఈ మందు అందరి మీదా ఒకేలా పనిచేయదు. మోతాదు సరిచూస్తూ ఉండాలి.

2003లో బ్రెజిల్ పరిశోధకులు కాంతి పట్టకారుతో సికిల్ సెల్ రోగుల ఎర్రకణాల సాగే గుణాన్ని కొలిచారు. మందు తీసుకోని రోగుల కణాలు గట్టిగా ఉన్నాయి. హైడ్రాక్సీయూరియా వాడుతున్న వారి కణాలు ఆరోగ్యవంతుల కణాలకు దగ్గరగా వచ్చాయి. అంటే మందు పనిచేస్తోందా లేదా అన్నది కణాన్ని సాగదీసి కూడా తెలుసుకోవచ్చు. కాంతి పట్టకారు వల్ల రోగికి కలిగే అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. జబ్బు ఉందా లేదా అని చెప్పడానికి ఇప్పటికే చవకైన పరీక్షలు ఉన్నాయి. ఉన్న జబ్బు ఇవాళ ఏ స్థితిలో ఉంది, మందుకు లొంగుతోందా అన్నదానికి కణం గట్టిదనం నేరుగా జవాబివ్వగలదు.

కానీ ఇక్కడా అదే చిక్కు. ‘ఎస్’ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ ఉన్నంతసేపు మామూలుగానే ఉంటుంది. గాలి తగిలే గాజు పలక మీద కణాన్ని కొలిస్తే ఒక అంకె, ఆక్సిజన్ తగ్గించి కొలిస్తే మరో అంకె వస్తాయి. కణంలో హిమోగ్లోబిన్ గాఢత కొద్దిగా మారినా పోగులు ఏర్పడడానికి పట్టే సమయం విపరీతంగా మారుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ 1970ల నుంచి చేసిన పరిశోధనలు దీన్ని తేల్చాయి. అందుకే ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పకుండా ఇచ్చే గట్టిదనం అంకెకు విలువ లేదు.

ఇంకో సమస్య ప్రయాణం. శరీరం నుంచి తీసిన రక్తంలో ఎర్రకణాలు శక్తి తరిగి, నిల్వ ఉన్న కొద్దీ గట్టిపడతాయి. డాంగ్ జిల్లా పల్లెలో తీసిన రక్తం ఎండలో జీపెక్కి సూరత్ చేరే సరికి, పెద్ద ప్రయోగశాలలోని అతి ఖచ్చితమైన యంత్రం కొలిచేది రోగి శరీరంలో ఉన్న కణాన్ని కాదు, ప్రయాణంలో మారిన కణాన్ని.

ఫైబర్ అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. రక్తాన్ని యంత్రం దగ్గరికి తెచ్చే బదులు యంత్రాన్ని రక్తం దగ్గరికి తీసుకెళ్లే అవకాశం అది ఇస్తుంది. లేజర్, ఫైబర్లు, గాజు గొట్టం, చిన్న కెమెరా ఉంటే చాలు, బరువైన బల్ల అక్కర్లేదు. పట్టుకునే ఫైబర్ పక్కనే ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రతను కొలిచే ఫైబర్లు పెడితే, ప్రతి అంకెతో పాటు అది ఏ పరిస్థితిలో వచ్చిందో కూడా నమోదవుతుంది. పట్టకారు, సెన్సర్ రెండూ కలిసి ఉండాలనడం సౌకర్యం కోసం కాదు. సెన్సర్ లేని పట్టకారు ఇచ్చే అంకెను మరో చోటి అంకెతో పోల్చలేం.

పరిమితులు తక్కువేమీ కావు

వేడి: పరారుణ కాంతిని నీరు కొంత పీల్చుకుంటుంది. ఎదురెదురు ఫైబర్ల స్ట్రెచర్‌లో ఒక వాట్ శక్తికి ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుందని 2007లో గుక్ బృందమే కొలిచి చెప్పింది. వేడి పెరిగితే కణం మెత్తబడవచ్చు, దెబ్బతినవచ్చు. ‘కాంతి కణాన్ని ముట్టుకోదు’ అన్న మాటను ఈ పరిమితితోనే అర్థం చేసుకోవాలి.

ఆకారం: లొత్త పడ్డ బిళ్లలాంటి ఎర్రకణం మీద కాంతి బలాన్ని లెక్కించడం కష్టం. అందుకే స్ట్రెచర్ తొలి ప్రయోగాల్లో కణాలను పలచని ద్రవంలో ఉబ్బించి గుండ్రంగా చేశారు. ఉబ్బిన కణం గుణం, రక్తనాళంలో ఉన్న కణం గుణం ఒకటి కావు.

వేగం: ఒక్కో కణాన్ని ఆపి సాగదీసే పద్ధతిలో గంటకు వందల్లోనే కణాలను చూడగలం. ఒక్క చుక్క రక్తంలో కోట్ల ఎర్రకణాలుంటాయి. సికిల్ సెల్ రోగిలో అన్ని కణాలూ ఒకేలా ఉండవు కాబట్టి ఎక్కువ కణాలను చూడాలి. స్ట్రెచర్‌ను కనిపెట్టిన గుక్ 2015లో తన సహచరులతో కలిసి మరో పద్ధతి తెచ్చారు. అందులో కణాలు సన్నని కాలువలో వేగంగా పారుతూ ద్రవం ఒత్తిడికే వంగుతాయి, కెమెరా వాటి ఆకారాన్ని సెకనుకు వందల చొప్పున కొలుస్తుంది. పట్టుకునే లేజర్ అందులో లేదు. కేవలం గట్టిదనం సగటు కావాలంటే ఆ దారే మేలు. ఒకే కణాన్ని పట్టి ఉంచి, ఆక్సిజన్ తగ్గిస్తూ అది ఎలా మారుతుందో గమనించాలంటే మాత్రం కాంతి పట్టకారు అవసరం.

నైపుణ్యం: సన్నని మొన చిటికెలో విరుగుతుంది. ఒక మొనలా మరో మొన తయారవడం కష్టం. రెండు ఫైబర్లు ఒక మైక్రాన్ పక్కకు జరిగినా ఫలితం మారుతుంది.

ఇప్పుడు రోగి ఏం చేయాలి?

ఫైబర్ పట్టకారు ఇప్పటికీ పరిశోధన పనిముట్టే. సికిల్ సెల్ ఉందో లేదో తెలుసుకోవడానికి దాని కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. మొదటి పరీక్ష సాల్యుబిలిటీ టెస్ట్. రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపితే ‘ఎస్’ హిమోగ్లోబిన్ ఉన్నప్పుడు అది మసకబారుతుంది. అయితే ఈ పరీక్ష జన్యువును మోసే వ్యక్తికి, జబ్బు ఉన్న వ్యక్తికి మధ్య తేడా చెప్పలేదు. పసిపిల్లల్లో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో దాన్ని నమ్మలేం. తేడా తేల్చేది హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష. సాల్యుబిలిటీ పరీక్షలో పాజిటివ్ వస్తే అక్కడితో ఆగకుండా ఈ రెండో పరీక్ష చేయించుకోవాలి.

భార్యాభర్తలిద్దరూ జన్యువును మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. జన్యువును మోసేవాడిగా పుట్టే అవకాశం 50 శాతం. జన్యువును మోసే చాలామందికి ఏ లక్షణాలూ ఉండవు. పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. ఇలాంటి వారికి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ప్రబలిన అటవీ ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలవడానికి అదే కారణం.

గుజరాత్ ప్రభుత్వం 2006లో సికిల్ సెల్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యాలు. గుజరాత్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాలు అందులో ఉన్నాయి. షెడ్యూల్డ్ తెగల్లో పుట్టే ప్రతి 86 మంది పిల్లల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ అంచనా.

ఆ మిషన్ మొదటి దశ ఎవరికి జబ్బు ఉందో గుర్తించడం. ఆ తర్వాత వచ్చే పని ఇంకా పెద్దది. గుర్తించిన వారికి జీవితాంతం మందు అందించాలి, అది పనిచేస్తోందా అని చూస్తుండాలి. పల్లెలోనే, రక్తం తీసిన నిమిషాల్లోనే, ఆక్సిజన్ స్థాయితో సహా కణం గట్టిదనాన్ని చెప్పగల చిన్న పెట్టె ఉంటే ఆ రెండో దశకు అది ఉపయోగపడుతుంది. అందుకు కావాల్సిన దారం, లేజర్, రంగుల పూతలు ఇప్పటికే ఉన్నాయి. ఇంకా కుదరాల్సింది ఒక ఒప్పందం. ఏ ద్రవంలో, ఎంత ఉష్ణోగ్రత దగ్గర, ఎంత ఆక్సిజన్‌లో, ఎంత లేజర్ శక్తితో కొలవాలో అన్ని ప్రయోగశాలలూ ఒకే మాట మీదికి రావాలి. ఇండోర్ కణం, ముంబయి కణం ఒకే పరిస్థితిలో ఒకే అంకె చెప్పిన రోజున ఈ పనిముట్టును వ్యారాకో, భద్రాచలానికో పంపడం గురించి మాట్లాడుకోవచ్చు.

అప్పటిదాకా ఎవరైనా ‘లేజర్‌తో సికిల్ సెల్ పరీక్ష’ అని డబ్బు అడిగితే, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు ఇస్తారా అని తిరిగి అడగండి.